చియాంగ్ మాయ్‌లో ఉంటూ రిమోట్‌గా పని చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను రెండు విడతలుగా మొత్తం పదిహేను నెలలు థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో ఉండి లాప్‌టాప్ మీద పని చేసుకున్నాను. తిరిగొచ్చినప్పటి నుంచి తెలిసినవాళ్ళు, వాళ్ళకు తెలిసినవాళ్ళు, ఎవరి దగ్గరో నా నంబరు తీసుకున్నవాళ్ళు, అందరూ అటూ ఇటూగా ఇవే అడుగుతున్నారు. ప్రతిసారీ ఫోన్లో గంట చెప్పే ఓపిక లేక రాసి పెడుతున్నాను. ధరలన్నీ బాత్‌లలోనే ఇచ్చాను. ఒక బాత్ రెండున్నర, మూడు రూపాయల మధ్య ఆడుతుంటుంది, మీరు వెళ్ళే రోజు రేటు చూసుకోండి.

అసలు చియాంగ్ మాయే ఎందుకు? బ్యాంకాక్‌లో ఉండొచ్చు కదా?

ఉండొచ్చు. కానీ బ్యాంకాక్‌లో మీరు ట్రాఫిక్‌కి, అద్దెకి కట్టేదానితో ఇక్కడ హాయిగా బతకొచ్చు. చియాంగ్ మాయ్ బ్యాంకాక్‌కు ఉత్తరాన దాదాపు 700 కిలోమీటర్ల దూరంలో, కొండల మధ్య లోయలో ఉంటుంది. 1296లో మంగ్రాయ్ అనే రాజు లన్నా రాజ్యానికి రాజధానిగా కట్టించాడు. పేరుకు అర్థం కొత్త నగరం, ఏడు వందల ఏళ్ళు దాటినా ఇంకా కొత్తదే! పాత నగరం చుట్టూ చతురస్రంగా కందకం ఉంది, ఒక్కో వైపు కిలోమీటరున్నర ఉంటుంది, పడమటి దిక్కున దోయ్ సుతేప్ కొండ కనిపిస్తూ ఉంటుంది, కాబట్టి దారి తప్పడం కష్టం. విమానాశ్రయం ఊరికి ఆనుకునే ఉంది. ఊరు చిన్నది, కానీ విశ్వవిద్యాలయం, పెద్ద ఆసుపత్రులు, వందల కేఫ్‌లు ఉన్నాయి. పని చేసుకునేవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి?

నెలకు ఎంత ఖర్చవుతుంది?

ఒక్కరికి 30,000 నుంచి 35,000 బాత్‌లు పెట్టుకుంటే ఏ ఇబ్బందీ లేకుండా గడిచిపోతుంది. చేయి కాస్త బిగించుకుంటే 25,000లో కూడా అయిపోతుంది. స్టూడియో గది కేఫ్‌లు ఎక్కువగా ఉండే నిమ్మాన్ ఏరియాలో 12,000 నుంచి 18,000, కాస్త పక్కకు జరిగితే 7,000 నుంచి 10,000. వీధి పక్కన భోజనం 50, 60 బాత్‌లు. కేఫ్‌లో కాఫీ కూడా దాదాపు అంతే, ఒక్కోచోట భోజనం కంటే కాఫీయే ఎక్కువ. నెలకు స్కూటర్ అద్దె 3,000 దాకా.

కానీ నెల లెక్క చూసి మోసపోకండి. నేను మోసపోయాను. ఈ ఊరి ఖర్చును ఏడాది మొత్తానికి వేసుకోవాలి, ఎందుకంటే ఏడాదిలో రెండు మూడు నెలలు మీరు ఇక్కడి నుంచి పారిపోతారు. అప్పుడు ఇక్కడి గది అద్దె నడుస్తూనే ఉంటుంది, పారిపోయిన చోట ఇంకో అద్దె, పైన విమానం టికెట్లు. మొదటి ఏడాది ఆఖర్లో కూర్చుని అన్నీ కూడితే, నెలకు ఇంతే అవుతుందని నేను అందరికీ గొప్పగా చెప్పిన అంకె నాలుగో వంతు పెరిగింది. పారిపోవడం దేనికో కింద చెబుతాను.

ఏ నెలలో రావాలి?

ఈ మొత్తంలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

నవంబర్ నుంచి జనవరి దాకా స్వర్గం. పొద్దున పద్నాలుగు, పదిహేను డిగ్రీలు, మధ్యాహ్నం ఎండ, వాన ఉండదు. అందరూ తీసే ఫొటోలు, వీడియోలు అప్పటివే. వాటిని చూసి ఊరిని ప్రేమించేస్తారు, ఏడాదికి గది రాసుకుంటారు, ఫిబ్రవరి రాగానే గొంతులో గరగర మొదలవుతుంది.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొగ కాలం. కోత అయ్యాక మొక్కజొన్న చేలల్లో మిగిలిన చెత్తకు నిప్పు పెడతారు, అడవులు కూడా అంటుకుంటాయి, పక్కనున్న మయన్మార్, లావోస్‌ల నుంచి పొగ వచ్చి కలుస్తుంది. ఊరు లోయలో ఉంది కదా, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటే కింద పొగ ఎటూ పోలేదు. సన్నటి ధూళి, అంటే పీఎం 2.5, రోజు సగటు ఘనపు మీటరు గాలిలో 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. థాయ్ ప్రభుత్వం పెట్టుకున్న పరిమితి 37.5. మార్చిలో చెడ్డ రోజుల్లో అది 100 దాటుతుంది, ఇంకా పైకి కూడా పోతుంది. 2023, 2024 వసంతాల్లో ప్రపంచంలో అత్యంత కలుషితమైన పెద్ద నగరాల పట్టికలో ఈ ఊరు కొన్ని రోజులు మొదటి స్థానంలో నిలిచింది. కిటికీలోంచి రోజూ కనిపించే దోయ్ సుతేప్ కొండ ఒక రోజు మాయమైపోతుంది. ఎవరో రబ్బరుతో చెరిపేసినట్టు.

మాస్కు పెట్టుకుని, ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టుకుని ఉండిపోవచ్చు కదా అంటారు. ఉండొచ్చు, మొదటి ఏడాది నేనూ ఉన్నాను. మూడు వారాలు ఒకే గదిలో, తలుపు కింద సందుకు తడి టవల్ అడ్డం పెట్టి, ప్యూరిఫయర్ రొదలో మీటింగులు. దానికోసమా ఇంత దూరం వచ్చింది? ఆస్తమా ఉన్నవాళ్ళు, చిన్న పిల్లలున్నవాళ్ళు ఈ నెలల్లో రావొద్దు. ఇందులో మొహమాటానికి చోటు లేదు.

ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సోంగ్‌క్రాన్, థాయ్ కొత్త సంవత్సరం. కందకం చుట్టూ అందరూ అందరి మీదా నీళ్ళు పోస్తారు. సరదాగానే ఉంటుంది, కానీ ఆ మూడు రోజులూ లాప్‌టాప్ బ్యాగ్ వేసుకుని రోడ్డు మీదకు వచ్చినవాళ్ళ గతి చూశాను.

జూన్ నుంచి అక్టోబర్ దాకా వానలు. నిజానికి నాకు ఇదే ఇష్టమైన కాలం. సాయంత్రం ఒక జల్లు, అంతా పచ్చగా, అద్దెలు తగ్గుతాయి, గాలి శుభ్రం. కాకపోతే 2024 అక్టోబర్‌లో పింగ్ నది పొంగి నైట్ బజార్ వైపంతా నీళ్ళలో మునిగింది. నదికి దగ్గర్లో గది తీసుకుంటే కింది అంతస్తు వద్దు.

వీసా సంగతి?

2024 జూలైలో థాయ్ ప్రభుత్వం డీటీవీ అనే వీసా పెట్టింది, డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా. ముఖ్యంగా రిమోట్ పనివాళ్ళ కోసం. ఐదేళ్ళు చెల్లుతుంది, ఎన్నిసార్లయినా రావొచ్చు, వచ్చిన ప్రతిసారీ 180 రోజులు ఉండొచ్చు. ఇరవై ఏళ్ళు నిండాలి, 5,00,000 బాత్‌లకు సమానమైన డబ్బు ఖాతాలో చూపించాలి, విదేశీ కంపెనీలో ఉద్యోగం చేస్తున్నట్టో, ఫ్రీలాన్స్ పని ఉన్నట్టో కాగితాలు పెట్టాలి. ఫీజు 10,000 బాత్‌లు, ఎంబసీని బట్టి కొంచెం అటూ ఇటూ. దరఖాస్తు థాయ్‌లాండ్ బయట ఉండగానే, ప్రభుత్వ ఈ-వీసా సైట్‌లో చేయాలి. భార్య లేదా భర్త, ఇరవై ఏళ్ళ లోపు పిల్లలు మీతో పాటు ఆధారితులుగా పెట్టుకోవచ్చు.

డబ్బు చూపించడం అంటే నిన్న ఎవరి దగ్గరో తెచ్చి ఖాతాలో వేసి ఇవాళ స్టేట్‌మెంట్ తీయడం కాదు. కొన్ని నెలలుగా ఉన్నట్టు కనిపించాలి. తిరస్కరించినా ఫీజు వెనక్కి రాదు.

భారతీయులకు వీసా లేకుండా 60 రోజులు అనే సౌకర్యం కూడా అదే 2024 జూలైలో వచ్చింది. ఆ గడువు తగ్గించాలనే మాటలు 2025లో మొదలయ్యాయి, ఇప్పటికి మారి ఉండొచ్చు, కాబట్టి టికెట్ కొనే వారంలో ఎంబసీ సైట్ చూసి గానీ కదలొద్దు. ఏ వీసా అయినా 2025 మే నుంచి దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. అది ఉచితం. డబ్బులడిగే సైట్ తగిలిందంటే అది ప్రభుత్వానిది కాదని అర్థం.

టూరిస్టుగా వచ్చి లాప్‌టాప్ తెరిస్తే పట్టుకుంటారా?

కేఫ్‌లోకి వచ్చి మీ స్క్రీన్ ఎవరూ చూడరు. కానీ విదేశీయులు పని చేయడం గురించి అక్కడి చట్టం గట్టిది, పర్యాటకుడిగా వచ్చి పని చేసుకోవడం ఇన్నేళ్ళూ చూసీ చూడనట్టు వదిలేసిన విషయమే తప్ప అనుమతించినది కాదు. రెండు నెలలు చూసి పోదామనుకునేవాళ్ళు చాలామంది అలాగే వస్తారు. ఆరు నెలలు ఉండాలనుకుంటే డీటీవీ తీసుకోండి, రాత్రిపూట నిద్ర పడుతుంది. టూరిస్టుగా వచ్చినా, డీటీవీ ఉన్నా థాయ్ కంపెనీకి పని చేయకూడదు, అక్కడివాళ్ళ దగ్గర డబ్బు తీసుకుని ఏదీ చేయకూడదు, అది వేరే పర్మిట్ వ్యవహారం.

మా కంపెనీకి చెప్పాలా, వీపీఎన్ (మనం ఉన్న చోటును దాచే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని కూర్చోవచ్చా?

చెప్పండి. రాతపూర్వకంగా ఒప్పించుకోండి. దొరికిపోతారనే భయం ఒకటే కాదు, ఉద్యోగి ఇంకో దేశం నుంచి నెలల తరబడి పని చేస్తే కంపెనీకి అక్కడ పన్ను బాధ్యతలు వచ్చే అవకాశం ఉంది, అందుకే వాళ్ళు జంకుతారు. క్లయింట్ డేటా దేశం దాటకూడదని ఒప్పందాల్లో రాసుకున్న కంపెనీలూ ఉన్నాయి. నాకు తెలిసిన ఒకతను చెప్పకుండా వచ్చాడు. రెండో వారంలో ఆఫీసు లాప్‌టాప్ లాగిన్ ఆగిపోయింది, హెల్ప్‌డెస్క్ మొదటి ప్రశ్న "మీరిప్పుడు ఎక్కడున్నారు?" అని. నాలుగో రోజుకల్లా విమానం ఎక్కాడు.

పన్ను?

జాగ్రత్తగా చదవండి, ఇందులో ఒక కిటుకు ఉంది. థాయ్‌లాండ్‌లో పన్ను ఏడాది జనవరి నుంచి డిసెంబర్. అందులో 180 రోజులు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే మీరు అక్కడ పన్ను నివాసి అవుతారు. 2024 జనవరి 1 నుంచి, ఆ తర్వాత బయట సంపాదించి థాయ్‌లాండ్‌లోకి తెచ్చుకున్న డబ్బును కూడా లెక్కలోకి తీసుకుంటున్నారు. మన దగ్గరేమో ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది, మామూలుగా 182 రోజులు లెక్క. జనవరి 1న వెళ్ళి జూన్ 30న తిరిగొచ్చారనుకోండి, లీపు సంవత్సరం కాకపోయినా అక్కడ 181 రోజులు. అంటే అక్కడ నివాసి. జూలై నుంచి మార్చి దాకా ఇక్కడే ఉన్నారు కాబట్టి ఇక్కడా నివాసే. రెండు దేశాల మధ్య ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం ఉంది, అదే ఆదాయం మీద రెండుసార్లు పూర్తిగా కట్టాల్సిన పని రాదు, కానీ కాగితాల తిప్పలు తప్పవు. ఒక్క వారం ముందే అక్కడి నుంచి బయల్దేరితే అసలు ఆ గొడవే ఉండదు. మీ పాస్‌పోర్టులో ముద్రల తేదీలు ఒక కాగితం మీద రాసుకోండి, వెళ్ళే ముందే సీఏ దగ్గర ఒకసారి కూర్చోండి.

టైమ్ తేడా ఎలా మేనేజ్ చేస్తారు?

భారత్ ఆఫీసైతే పండగే. అక్కడ గంటన్నర ముందు ఉంటుంది, ఉదయం తొమ్మిదిన్నర మీటింగ్ మీకు పదకొండుకు. పొద్దున్నే కొండెక్కి దిగి, స్నానం చేసి, టిఫిన్ తిని కూర్చోవచ్చు. లండన్‌వాళ్ళ ఉదయం తొమ్మిది వేసవిలో మీకు మధ్యాహ్నం మూడు, చలికాలంలో నాలుగు.

న్యూయార్క్ పని అయితే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. వాళ్ళ ఉదయం తొమ్మిది మీకు వేసవిలో రాత్రి ఎనిమిది, చలికాలంలో తొమ్మిది. తెల్లారి నాలుగైదు గంటలకు పడుకుని మధ్యాహ్నం లేస్తే, మీరున్నది చియాంగ్ మాయ్‌లో అయినా ఇంకెక్కడైనా తేడా ఏముంది? గుళ్ళు సాయంత్రానికి మూసేస్తారు, మార్కెట్ పొద్దునే. నేను మొదటి విడత అలాగే నాలుగు నెలలు గబ్బిలంలా బతికాను. రెండో విడత వచ్చే ముందు ప్రాజెక్టు మార్పించుకున్నాను, జీతంలో కొంచెం పోయింది, పోనీ అనుకున్నాను.

ఇంటర్నెట్ బాగుంటుందా?

మన మెట్రో నగరాలకు తీసిపోదు. గదికి ఫైబర్ నెలకు 600 బాత్‌ల చుట్టూ వస్తుంది, చాలా అపార్ట్‌మెంట్లలో ముందే ఉంటుంది. కానీ కారిడార్ మొత్తానికి ఒకటే రౌటర్ పెట్టిన చోట సాయంత్రం వీడియో కాల్ చేయలేరు, గది ఖాయం చేసుకునే ముందు రాత్రి ఎనిమిదికి వెళ్ళి స్పీడ్ టెస్ట్ చేసి చూడండి. వానాకాలంలో కరెంటు పోతుంది, ఫోన్‌లో డేటా ప్యాక్ ఉంచుకోండి. సిమ్‌కు పాస్‌పోర్టు చూపించాలి.

గది ఎలా వెతకాలి? ఏ ఏరియా?

ఆన్‌లైన్‌లో ముందే నెలలకు కట్టేయకండి. ఒక వారానికి హోటల్ తీసుకుని దిగండి, నచ్చిన వీధుల్లో నడవండి, బిల్డింగుల కింద ఆఫీసులో నేరుగా అడగండి. నిమ్మాన్‌లో కేఫ్‌లన్నీ కాలి నడకలో ఉంటాయి, కానీ ధర ఎక్కువ, విమానాలు నెత్తి మీదుగా పోతాయి. కాల్‌లో మధ్యమధ్య "ఒక్క నిమిషం" అనాల్సి వస్తుంది. పాత నగరం అందంగా ఉంటుంది, పర్యాటకుల సందడి మాత్రం తప్పదు. కందకానికి ఉత్తరాన సంతితం నా ఓటు: చవక, స్థానికులు ఉండే చోటు, నిమ్మాన్‌కు స్కూటర్ మీద ఐదు నిమిషాలు.

అద్దె కాగితంలో మొదట చూడాల్సింది కరెంటు యూనిట్ ధర. ప్రభుత్వ రేటు నాలుగు బాత్‌ల చుట్టూ ఉంటే చాలా అపార్ట్‌మెంట్లు ఏడు, ఎనిమిది వేస్తాయి. ఏప్రిల్‌లో ఏసీ రాత్రంతా నడిపితే తెలుస్తుంది. దిగిన రోజే మీటర్ ఫొటో తీయండి, గోడ మీద ప్రతి గీతా, మరకా ఫొటో తీయండి. మామూలుగా రెండు నెలల అడ్వాన్స్ అడుగుతారు. నా మొదటి గది ఖాళీ చేసినప్పుడు పరుపు మీద మరక ఉందని సగం డిపాజిట్ పట్టుకున్నారు, ఆ మరక నాకంటే సీనియర్. ఫొటో లేదు, డబ్బూ రాలేదు.

ఇంకొకటి. విదేశీయులు దిగిన 24 గంటల్లో ఇంటి యజమాని ఇమిగ్రేషన్‌కు తెలియజేయాలి, దాన్ని టీఎం 30 అంటారు. చేశారా అని అడిగి రసీదు కాపీ తీసుకోండి, తర్వాత ఇమిగ్రేషన్‌లో ఏ పనికి వెళ్ళినా అడుగుతారు. దేశం దాటకుండా 90 రోజులు మించి ఉంటే మీ చిరునామా మీరే రిపోర్ట్ చేయాలి. వీసా గడువు దాటితే రోజుకు 500 బాత్‌ల జరిమానా, గరిష్ఠంగా 20,000.

స్కూటర్ నడపొచ్చా?

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండి, అందులో టూవీలర్‌కు అనుమతి ఉంటేనే. అది లేకుండా పడితే ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు, మీరు కారు లైసెన్స్ చూపించినా సరే. అద్దె దుకాణంలో ఒరిజినల్ పాస్‌పోర్టు తాకట్టు అడిగితే వేరే దుకాణం చూసుకోండి. నడపడం రాకపోతే ఎర్ర సాంగ్‌థావ్‌లు ఉన్నాయి, వెనక రెండు బెంచీలు వేసిన ట్రక్కులు, ఊళ్ళో మనిషికి 30 బాత్‌లు. గ్రాబ్, బోల్ట్ లాంటి క్యాబ్ యాప్‌లు కూడా పని చేస్తాయి.

శాకాహారులు బతకగలరా?

బతకగలరు, బ్యాంకాక్ కంటే తేలిగ్గా. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో "జే" అని ఉన్న దుకాణం వెతకండి, అక్కడ మాంసం, చేప, గుడ్డు ఏదీ ఉండదు, వెల్లుల్లి, ఉల్లి కూడా వేయరు. మామూలు దుకాణంలో "కూరగాయలే వేయండి" అని చెబితే సరిపోదు, చేపల సాస్ వాళ్ళకు ఉప్పుతో సమానం, అది మాంసం అనే ఆలోచనే రాదు. "కిన్ జే" అనండి, అర్థం చేసుకుంటారు.

థాయ్ రాకపోతే కష్టమా?

పని గడిచిపోతుంది. ఐదు రకాల గొంతు ఎత్తుపల్లాలున్న భాష కాబట్టి ఒకే మాటను ఎత్తు తప్పి పలికితే అర్థం మారిపోతుంది, నవ్వుతారు, నవ్వనివ్వండి. మనకు ఒక చిన్న లాభం ఉంది. వారాల పేర్లు వినండి: ఆదివారం ఆథిత్, సోమవారం చన్, బుధవారం ఫుత్, శుక్రవారం సుక్. ఆదిత్యుడు, చంద్రుడు, బుధుడు, శుక్రుడే కదా! విశ్వవిద్యాలయాన్ని మహావిత్తయాలయ్ అంటారు. బోర్డులు చదవడం నేర్చుకుంటే ఇలాంటి చుట్టాలు వీధికొకరు తగులుతారు.

డబ్బు ఎలా తీసుకోవాలి?

విదేశీ కార్డుతో ఏటీఎంలో తీస్తే ప్రతిసారీ అక్కడి బ్యాంకు 220 బాత్‌లో అంతకు కొంచెం ఎక్కువో పట్టుకుంటుంది. అందుకని తక్కువసార్లు, ఎక్కువ మొత్తం. మీ కరెన్సీలోకి మార్చి చూపించమంటారా అని మెషీన్ అడిగితే వద్దనండి, ఆ రేటు దారుణం. పర్యాటకుడిగా బ్యాంకు ఖాతా తెరవడం దాదాపు అయ్యే పని కాదు.

ఒంటరి ఆడవాళ్ళకు సురక్షితమేనా?

నేను ఆడదాన్నే. రాత్రి పదకొండుకు సంతితంలో నడిచి ఇంటికొచ్చేదాన్ని. మనుషుల కంటే వీధి కుక్కలకే భయపడ్డాను.

జబ్బు చేస్తే?

ప్రైవేటు ఆసుపత్రులు బాగుంటాయి, ఇంగ్లిష్ వస్తుంది, బిల్లు కూడా అందుకు తగ్గట్టే వస్తుంది. ఇన్సూరెన్స్ లేకుండా రావొద్దు. అంబులెన్స్‌కు 1669, టూరిస్ట్ పోలీసుకు 1155.

పొరపాటున కూడా చేయకూడనివి?

వేప్ తీసుకురావొద్దు, ఈ-సిగరెట్లు అక్కడ నిషేధం. రాజకుటుంబం గురించి జోకులు వద్దు, నోటితోనే కాదు, ఫోన్‌లో కూడా. 112వ సెక్షన్ కింద మూడు నుంచి పదిహేనేళ్ళ జైలు. నవంబర్ పౌర్ణమికి యీ పెంగ్ పండగలో ఆకాశ దీపాలు వదులుతారని ఆ సాయంత్రం విమానాలు రద్దు చేస్తారు, సమయాలు మారుస్తారు. ఆ రోజుకు టికెట్ కొనొద్దు.

ఒంటరిగా అనిపించదా?

అనిపిస్తుంది. స్నేహాలు త్వరగా అవుతాయి, అంతే త్వరగా పోతాయి, ఎందుకంటే ఇక్కడ కలిసే ప్రతివాళ్ళ దగ్గరా ఒక రిటర్న్ టికెట్ ఉంటుంది. జనవరిలో పదిమంది కూర్చున్న బల్ల దగ్గర మార్చికి నేనొక్కదాన్నే మిగిలాను. రెండో విడత కోవర్కింగ్ స్పేస్ మానేసి, వారానికి రెండు రోజులు థాయ్ క్లాసుకు వెళ్ళాను. అక్కడ కలిసిన టీచర్ ఒక్కరే ఇప్పటికీ మెసేజ్ పెడతారు.

మళ్ళీ వెళ్తారా?

వెళ్తాను. జూలైలో. ఈసారి గది ఏడాదికి కాదు, జనవరి 31 దాకానే రాయించుకున్నాను.